గీత దాటితే సబ్సిడీ సున్నా: అమెరికా ఆరోగ్య బీమా దరఖాస్తులో మన జవాబుల ఖరీదు

1,28,600 డాలర్లు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మార్కెట్‌ప్లేస్‌లో 2026 సంవత్సరానికి నలుగురున్న కుటుంబానికి గీసిన గీత ఇది. ఏడాది ఆదాయం అక్కడికి ఆగితే ప్రీమియంలో సర్కారు తన వాటా తాను భరిస్తుంది. ఒక్క డాలరు దాటినా భరించదు. కొంచెం దాటితే కొంచెం తగ్గించడం అనే పద్ధతి ఇప్పుడు లేదు.

మధ్యలో అయిదేళ్లపాటు ఉండేది. ఒబామా సంతకంతో 2010 మార్చిలో వచ్చిన చట్టంలో దారిద్ర్య రేఖకు నాలుగు రెట్లు దాటినవాళ్లకు సాయం లేదు. 2021లో ఆ అడ్డు తీసేశారు. ఎంత ఆదాయమున్నా ప్రామాణిక ప్లాన్ (ఆ ప్రాంతంలో రెండో అతి చౌక సిల్వర్ ప్లాన్) ప్రీమియం మన సంపాదనలో 8.5 శాతం మించకుండా చూశారు. ఆ ఏర్పాటు 2025 డిసెంబరు 31తో ముగిసింది. పాత గీత తిరిగి వచ్చింది.

దీనికి తోడు మరో మార్పు. దరఖాస్తులో మనం చెప్పిన ఆదాయం అంచనా మాత్రమే. ఏడాది గడిచాక పన్ను రిటర్న్‌లో అసలు లెక్క తేలుతుంది. అంచనాకు మించి సంపాదిస్తే, అదనంగా అందిన సబ్సిడీని తిరిగి కట్టాలి. 2025 లెక్క వరకు ఆ చెల్లింపుకు పరిమితి ఉండేది. దారిద్ర్య రేఖకు మూడు నుంచి నాలుగు రెట్ల మధ్య ఉన్న కుటుంబం గరిష్ఠంగా 3,250 డాలర్లు కడితే సరిపోయేది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ పరిమితిని ఎత్తేసింది. 2026 నుంచి ఎంత ఎక్కువ తీసుకుంటే అంతా కట్టాల్సిందే.

అందుకే ఈ దరఖాస్తును బీమా కాగితంగా చూడవద్దని అమెరికాలోని మన తెలుగువాళ్లకు గట్టిగా చెప్పాలి. అది వచ్చే ఏడాది పన్ను రిటర్న్‌కు చిత్తుప్రతి. అందులో దాదాపు ప్రతి ప్రశ్న వెనుకా ఒక పన్ను సూత్రం ఉంది. ఆ సూత్రం తెలిస్తే జవాబు సులువు. తెలియకపోతే, నిజాయితీగా రాసిన జవాబు కూడా వేల డాలర్ల అప్పుగా మారే ప్రమాదం ఉంది.

మీ ఇంట్లో ఎందరు?

మొదటి చిక్కు ఇక్కడే. ఒకే వంటింటి భోజనం తినేవాళ్లంతా ఒక కుటుంబమని మన లెక్క. దరఖాస్తు లెక్కలో ఒకే పన్ను రిటర్న్‌లో ఉన్నవాళ్లు ఒక కుటుంబం. మీ ఇంట్లోనే ఉంటున్న తమ్ముడు సొంతంగా రిటర్న్ వేసుకుంటే మీ కుటుంబంలోకి రాడు. ఎక్కడో వేరే రాష్ట్రంలో కాలేజీ హాస్టల్లో ఉన్న కూతుర్ని మీ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపిస్తే ఆమె వస్తుంది.

తలల సంఖ్యను బట్టి గీత జరుగుతుంది. 2026 బీమాకు 2025 దారిద్ర్య రేఖే ఆధారం: ఒక్కరికి 15,650 డాలర్లు, ఆపైన తలకు 5,500. దానికి నాలుగు రెట్లు చేస్తే ఒంటరి మనిషికి 62,600, ఇద్దరికి 84,600, ముగ్గురికి 1,06,600, నలుగురికి 1,28,600. అలాస్కా, హవాయి రాష్ట్రాలకు అంకెలు వేరు. ఒక్క మనిషిని రాయడం మరిచిపోతే గీత 22,000 డాలర్లు కిందికి దిగిపోతుంది. బీమా అక్కర్లేని వాళ్ల పేర్లు కూడా రాయాలని చాలామందికి తెలియదు. భర్తకు కంపెనీ బీమా ఉన్నా, ఉమ్మడి రిటర్న్ వేస్తున్నారంటే అతని పేరూ, జీతమూ దరఖాస్తులో ఉండాల్సిందే. బీమా కోరనివాళ్లు మాత్రం తమ వీసా స్థితి చెప్పనక్కర్లేదు.

పెళ్లయినవాళ్లు ఉమ్మడి రిటర్న్ వేస్తేనే సబ్సిడీ. కొద్దిపాటి మినహాయింపులున్నా మన కొత్త జంటల్లో చాలామందికి అవి వర్తించవు. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి వీసా కోసం ఎదురుచూస్తూ హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అతను విడిగా రిటర్న్ వేస్తే సబ్సిడీ రాదు. ఆమెకు పన్ను గుర్తింపు సంఖ్య తీసుకుని ఇద్దరూ కలిపి వేసుకునే వీలుంది. అలా చేస్తే హైదరాబాద్‌లో ఆమె తీసుకుంటున్న జీతం కూడా ఆదాయంలో కలుస్తుంది. రెండు విధాలా లెక్క వేసుకుని చూసుకోవాలి.

అసలు ప్రశ్న: ఆదాయం ఎంత?

దరఖాస్తు ముందు ఈ నెల జీతం అడుగుతుంది. తర్వాత దాన్ని ఏడాదికి గుణించి చూపించి, ఇది సరైనదేనా అంటుంది. అవునని నొక్కేసే ముందు ఆగాలి. అక్కడ ఉండాల్సింది ఆఫర్ లెటర్‌లోని జీతమూ కాదు, చేతికొచ్చే జీతమూ కాదు. 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో పన్నుకు ముందు వేసుకున్నది, కంపెనీ బీమాకు జీతంలోంచి పోయేది తీసేశాక మిగిలేది. డబ్ల్యూ-2 ఫారంలో ఒకటో గడిలో కనిపించే అంకె అదే. దానికి వడ్డీలు, డివిడెండ్లు, అద్దెలు, లాభాలు కలపాలి. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ వస్తుంటే పన్ను పడని భాగం కూడా కలపాలి.

మనవాళ్ల దరఖాస్తుల్లో తప్పిపోయేది ఇండియా ఆదాయం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ, పన్ను లెక్కలో ఇక్కడి నివాసులైన హెచ్1బి వాళ్లకీ ప్రపంచంలో ఎక్కడి సంపాదనైనా అమెరికా రిటర్న్‌లోకి వస్తుంది. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఇక్కడ ఉంది. తెనాలి దగ్గర మూడెకరాల కౌలుకు అక్కడ వ్యవసాయ ఆదాయంగా మినహాయింపు ఉంది, ఇక్కడ లేదు. కూకట్‌పల్లి ఫ్లాటు అద్దెలో ఖర్చులూ తరుగుదలా పోగా మిగిలింది లెక్కలోకి వస్తుంది. ప్లాటు అమ్మితే ఆ ఏడాది లాభమంతా వస్తుంది. అక్కడ టీడీఎస్ కట్టేశాం కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ దొరికే క్రెడిట్ మన పన్నును తగ్గిస్తుంది కానీ ఆదాయపు అంకెను తగ్గించదు. సబ్సిడీని తేల్చేది ఆ ఆదాయపు అంకే.

నాన్నగారు పంపిన డబ్బు, మామగారు ఇచ్చిన కానుక, తెచ్చుకున్న అప్పు ఆదాయం కావు. వాటిని రాయనక్కర్లేదు.

ఒక ఊహాత్మక కుటుంబంతో లెక్క వేసి చూద్దాం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో గ్రీన్‌కార్డు ఉన్న దంపతులు, ఇద్దరు పిల్లలు. ఆయన సొంతంగా కన్సల్టింగ్ చేస్తారు, ఆమె పార్ట్‌టైం ఉద్యోగి. కంపెనీ బీమా లేదు. దరఖాస్తులో 2026 ఆదాయం 1,20,000 అని రాశారు. ఇది దారిద్ర్య రేఖకు 373 శాతం. ఈ స్థాయిలో కుటుంబం తన వంతుగా భరించాల్సింది ఆదాయంలో 9.96 శాతం, అంటే 11,952 డాలర్లు. వాళ్ల ప్రాంతంలో ప్రామాణిక సిల్వర్ ప్లాన్‌కు ఏడాదికి 22,000 అవుతుందనుకుందాం. అప్పుడు సబ్సిడీ 10,048. నెలకు 837 డాలర్లు నేరుగా బీమా కంపెనీకి వెళ్లిపోతుంది.

2027 జనవరిలో మార్కెట్‌ప్లేస్ నుంచి 1095-ఎ ఫారం వస్తుంది. దాంతో సబ్సిడీ లెక్క తేల్చే ఫారం 8962 నింపడానికి కూర్చున్నప్పుడు ఎన్ఆర్ఈ వడ్డీ 4,500, ఫ్లాటు అద్దె 5,000 గుర్తొచ్చాయి. మొత్తం 1,29,500. గీత దాటింది 900 డాలర్లే. కట్టాల్సింది మాత్రం 10,048 మొత్తం.

ఈ కుటుంబానికి చివరి నిమిషంలో కూడా ఒక దారి ఉంది. దాన్ని తెలుసుకోవడం తొమ్మిది వేల డాలర్లకు పైగా విలువైన సంగతి. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లోని బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెల్త్ సేవింగ్స్ అకౌంట్ అర్హత ఇచ్చారు. వాళ్లు ఏడాదంతా అలాంటి ప్లాన్‌లో ఉండి ఉంటే, కుటుంబానికి 8,750 డాలర్ల వరకు ఆ ఖాతాలో వేసుకుని ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. 2026 లెక్కకు ఆ డబ్బు 2027 ఏప్రిల్ 15 వరకు వేయవచ్చు. వెయ్యి డాలర్లు వేస్తే ఆదాయం 1,28,500కు దిగుతుంది. అక్కడ వాళ్ల వంతు 12,798.60, సబ్సిడీ 9,201.40. తిరిగి కట్టాల్సింది 846.60. సొంత ఖాతాలో వేసుకున్న వెయ్యి వాళ్లదగ్గరే ఉంటుంది, 9,201 డాలర్ల సబ్సిడీ నిలుస్తుంది.

గీతకు దగ్గరలో ఉన్న ప్రతి కుటుంబమూ అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకసారి ఆ ఏడాది ఆదాయాన్ని కూడి చూసుకోవాలని నేననేది ఇందుకే. డిసెంబరు దాటితే 401(కె)లో పెంచుకునే అవకాశం పోతుంది. ఆదాయం మారితే 30 రోజుల్లో మార్కెట్‌ప్లేస్‌కు చెప్పాలన్న నిబంధన కూడా మన మేలు కోరేదే. జూన్‌లో చెబితే మిగతా నెలల్లో సబ్సిడీ సర్దుకుంటుంది. చెప్పకపోతే మొత్తం బరువు ఏప్రిల్ మీద పడుతుంది.

ఉద్యోగం, ఉద్యోగం పోవడం

కంపెనీ బీమా ఇస్తానంటోందా అన్న ప్రశ్నకు అవును, కాదు అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఆ బీమా భరించగలిగేదా అన్నది అసలు విషయం. 2026కు కొలత 9.96 శాతం. ఏడాదికి 90,000 వచ్చే కుటుంబానికి ఇది నెలకు 747 డాలర్లు. ఉద్యోగి ఒక్కడికి చౌక ప్లాన్ నెలకు 200 అయితే అది అతనికి భరించగలిగేదే, అతనికి సబ్సిడీ ఉండదు. కానీ కుటుంబమంతటికీ కలిపి 900 అయితే 12 శాతమవుతుంది. భార్యాపిల్లలు మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో కొనుక్కోవచ్చు. 2023కు ముందు ఉద్యోగి ఒక్కడి ప్రీమియమే చూసి కుటుంబమంతటికీ కాదనేవారు. ఆ పాత మాట విని ఇప్పటికీ దరఖాస్తే చేయని ఇళ్లున్నాయి. కంపెనీ హెచ్ఆర్ నుంచి రెండు అంకెలు రాయించుకోండి: ఉద్యోగి ఒక్కడికి చౌక ప్లాన్ ఎంత, కుటుంబానికి చౌక ప్లాన్ ఎంత.

ఉద్యోగం పోయిన హెచ్1బి వాళ్లకు మూడు గడువులు దాదాపు ఒకే సమయంలో మొదలవుతాయి. కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఇమ్మిగ్రేషన్ ఇచ్చే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. బీమా పోయిన నాటి నుంచి మార్కెట్‌ప్లేస్‌లో ప్రత్యేకంగా చేరడానికి 60 రోజులు. పాత కంపెనీ బీమానే కోబ్రా కింద కొనసాగిస్తామని చెప్పడానికీ కనీసం 60 రోజులు. మొదటిది పని ఆగిన రోజు నుంచి, రెండోది బీమా ఆగిన రోజు నుంచి నడుస్తాయి. చాలా కంపెనీల్లో బీమా నెలాఖరు దాకా ఉంటుంది కాబట్టి ఈ రెండు తేదీలూ ఒకటి కావు. కోబ్రా సాధారణంగా 18 నెలలు దొరుకుతుంది కానీ మొత్తం ప్రీమియమూ, పైన 2 శాతమూ మనమే కట్టాలి. కోబ్రా ఇస్తామన్నంత మాత్రాన సబ్సిడీ పోదు. అందులో చేరితే ఆ నెలలకు పోతుంది. వీసా గొడవలో పడి బీమా గడువు దాటబెట్టుకుంటే, మళ్లీ నవంబరు దాకా తలుపు తెరుచుకోదు.

అమ్మానాన్నల దరఖాస్తు

పిల్లలు పౌరసత్వం తీసుకున్నాక తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు వస్తుంది. అరవై దాటిన వయసు, షుగరు, బీపీ. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ తప్పులు జరిగేదీ వీళ్ల కాగితాల్లోనే.

65 దాటినవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ ఉంది కదా అని అనుకోవద్దు. అందులో ఆసుపత్రి బీమా అయిన పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే తామో, జీవిత భాగస్వామో ఇక్కడ 40 త్రైమాసికాలు, అంటే దాదాపు పదేళ్లు పనిచేసి ఉండాలి. కొడుకు ఇరవై ఏళ్లుగా కట్టిన పన్ను తల్లి ఖాతాలోకి రాదు. డబ్బు కట్టి కొనుక్కోవాలన్నా గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు ఇక్కడే నివసించి ఉండాలి. అప్పుడు 2026 ధరలో పార్ట్ ఎకు నెలకు 565, డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బికి 202.90, వెరసి మనిషికి 767.90 డాలర్లు. ఆ అయిదేళ్లూ నిండేదాకా 65 దాటినవాళ్లకు కూడా మార్కెట్‌ప్లేసే ప్రధాన దారి. కేవలం చూసి పోవడానికి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇది కాదు. ఆ రాష్ట్రంలో కాపురముండేవాళ్లకే.

తర్వాతి ప్రశ్న: మిమ్మల్ని ఎవరైనా డిపెండెంట్‌గా చూపిస్తారా? కొడుకు చూపిస్తే తల్లిదండ్రులు కొడుకు కుటుంబంలో భాగం, కొడుకు ఆదాయమంతా లెక్కలోకి వస్తుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు కలిసి ఆరుగురైతే గీత 1,72,600. ఇద్దరికీ జీతాలున్న ఇంట్లో ఇది దాటడం పెద్ద విషయం కాదు. అలాగైతే చూపించకుండా ఉంటే సరి అని కొందరి ఉపాయం. అది కుదరదు. చట్టం చూసేది చూపించారా లేదా అని కాదు, చూపించడానికి వీలుందా అని. తల్లికి గానీ తండ్రికి గానీ సొంత ఆదాయం 2025 లెక్కలో 5,200 డాలర్ల లోపు ఉండి, సగానికి పైగా పోషణ కొడుకుదే అయితే సాధారణంగా వీలున్నట్టే.

ఇండియాలో పెన్షనూ, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, అద్దె వచ్చేవాళ్ల సంగతి వేరు. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 5,200 డాలర్లంటే 4.68 లక్షలు. రిటైరైన ఉపాధ్యాయుడికో, బ్యాంకు ఉద్యోగికో ఆ మేరకు రావడం వింత కాదు. అలాంటివాళ్లు తమ రిటర్న్ తాము వేసుకుని ఇద్దరి కుటుంబంగా దరఖాస్తు చేయవచ్చు. ఇద్దరికీ కలిపి ఆదాయం 21,150కీ 84,600కీ మధ్య ఉంటే సబ్సిడీ దారి తెరిచి ఉంటుంది. 2025 దాకా 21,150 కంటే తక్కువున్నా, గ్రీన్‌కార్డు అయిదేళ్లు నిండక, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్ రానివాళ్లకు సబ్సిడీ ఇచ్చేవారు. 2026 జనవరి 1 నుంచి అది ఆగిపోయింది. కొత్తగా వచ్చిన, ఆదాయం తక్కువున్న వృద్ధులకు ఇది పెద్ద దెబ్బ. వచ్చే పెన్షన్ తక్కువ కాబట్టి సాయం చేయం అనే నియమం ఏ రకంగా న్యాయమో నాకు అర్థం కాదు. కానీ నియమం అదే. ఉన్న ఆదాయాన్ని దాచుకుంటే ఇక్కడ నష్టం మనకే. ఇండియా బ్యాంకులో ఉన్న డిపాజిట్ వడ్డీ సర్టిఫికెట్లు, పెన్షన్ స్లిప్పులు తెప్పించుకుని పెట్టుకోవాలి.

వయసు ధరను మారుస్తుంది. 64 ఏళ్ల మనిషికి 21 ఏళ్ల మనిషి ప్రీమియం కంటే మూడు రెట్ల వరకు వేయవచ్చు. షుగరు, బీపీ, గుండెకు స్టెంటు ఇవేవీ ధరను మార్చవు. అసలు అడగరు. 2014 నుంచి పాత జబ్బులను బట్టి కాదనడమూ, ధర పెంచడమూ చట్టవిరుద్ధం. ఇండియాలో పాలసీ తీసుకున్న అలవాటుతో జబ్బు సంగతి దాచాలేమోనని భయపడే పెద్దలకు ఈ మాట ముందే చెప్పి మనసు కుదుటపరచండి.

పొగాకు సంగతి మాత్రం అడుగుతారు. గత ఆరు నెలల్లో వారానికి నాలుగు సార్లు, అంతకు మించి వాడితే వాడినట్టే. సిగరెట్టే కానక్కర్లేదు. జర్దా కిళ్లీ, ఖైనీ, గుట్కా కూడా పొగాకే. భోజనం తర్వాత ఆకూ వక్కా సున్నం వేసుకుంటే పొగాకు కాదు. ప్రీమియం 50 శాతం వరకు పెరగవచ్చు, ఆ పెంపునకు సబ్సిడీ వర్తించదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ పెంపు లేదు. అమెరికన్ ఇండియనా అన్న ప్రశ్నకు మనం కాదనే రాయాలి. అది ఇక్కడి ఆదివాసీ తెగల సభ్యుల కోసం. గర్భిణి ఉన్నారా అన్నది మెడికెయిడ్ అర్హత కోసం అడిగేది, మొహమాటం అక్కర్లేదు.

పేరు కూడా ఒక ప్రశ్నే. దరఖాస్తులోని వివరాలను సోషల్ సెక్యూరిటీ, ఆదాయపు పన్ను, హోంలాండ్ సెక్యూరిటీ రికార్డులతో కంప్యూటర్ సరిపోల్చుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి, గ్రీన్‌కార్డులో వెనుకకు పోయి, సోషల్ సెక్యూరిటీ కార్డులో పొడి అక్షరంగా మిగిలితే సరిపోలదు. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నది ఉన్నట్టుగా రాయండి. గ్రీన్‌కార్డు మీద యూఎస్‌సీఐఎస్ నంబరు తొమ్మిది అంకెలు. కార్డు నంబరు వేరు, మూడు అక్షరాలూ పది అంకెలూ. ఒకదాని గడిలో ఇంకోటి వేసినా చిక్కే. సరిపోలలేదని ఉత్తరం వస్తే కాగితాలు పంపడానికి సుమారు 90 రోజులిస్తారు. ఆ ఉత్తరాన్ని ప్రకటన అనుకుని పక్కన పడేస్తే సబ్సిడీయో, బీమాయో ఆగిపోతుంది.

తెలియక పొరపాటు పడితే దిద్దుకోవచ్చు. అశ్రద్ధగా తప్పు రాస్తే 25,000 డాలర్ల వరకు, తెలిసి అబద్ధం రాస్తే 2,50,000 వరకు జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. పక్కింటివాళ్లు ఇలా రాస్తే ఎక్కువ వచ్చిందట అనే సలహాను ఎవరిచ్చినా వినవద్దు.

ఇంకో తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. 2027 జనవరి 1 నుంచి హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లకు మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఉండదు. వలస వచ్చినవాళ్లలో గ్రీన్‌కార్డుదారులకూ, మరి రెండు చిన్న వర్గాలకూ మాత్రమే మిగులుతుంది. పూర్తి ధర పెట్టి కొనుక్కోవడానికి అడ్డు లేదు. గడువు కూడా కుదించారు. ఇదివరకు జనవరి 15 దాకా ఉండేది. 2027 బీమాకు హెల్త్‌కేర్ డాట్ గవ్ వాడే రాష్ట్రాల్లో నవంబరు 1 నుంచి డిసెంబరు 15 వరకే. టెక్సస్ వాళ్లు అక్కడికే వెళ్లాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, జార్జియా, వర్జీనియాలకు సొంత మార్కెట్‌ప్లేస్‌లున్నాయి, తేదీలు అక్కడ చూసుకోవాలి.

అమ్మానాన్నల తరఫున మీరు నింపుతున్నట్టయితే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి జవాబూ చదివి వినిపించి నింపండి. సంతకం వాళ్లది. దగ్గర పిల్లలెవరూ లేకపోతే 1-800-318-2596కు ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగమనండి. ఆ సేవకు పైసా ఖర్చు లేదు.